చెరువు ఊపిరి మేం కొలుచుకుంటున్నాం, మొగ దగ్గర సముద్రం ఊపిరి మీరు కొలవండి

కేంద్ర భూవిజ్ఞాన శాఖకు, కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీకి, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, రాష్ట్ర మత్స్యశాఖకు ఒక రొయ్యల రైతు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

నేను పశ్చిమగోదావరి జిల్లాలో వెనామీ రొయ్యలు సాగు చేసే రైతుని. నాకు ఆరెకరాల చెరువులున్నాయి. వాటిలోంచి వదిలిన నీళ్ళు మా ఊరి పక్క బోదెలోకి, అక్కణ్ణుంచి డ్రెయిన్‌లోకి, చివరికి ఉప్పుటేరు మొగ దగ్గర బంగాళాఖాతంలోకి పోతాయి. ఈ ఉత్తరం ఆ చివరి చోటు గురించి.

మా పనిలో రేటు టెన్షన్ ఒకటి, వైరస్ టెన్షన్ ఒకటి. రెంటినీ మించింది తెల్లవారుజాము డీఓ టెన్షన్. డీఓ అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్. పగలు చెరువులోని పచ్చనాచు ఎండ తగిలి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే ఆ నాచూ, రొయ్యలూ, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి దాన్నే పీల్చుకుంటాయి. మూడింటికీ ఐదింటికీ మధ్య మీటరు బాగా కిందికి దిగుతుంది. నాలుగేళ్ళ కిందట ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ మొహం చూడలేదు. మూడో రాత్రి రెండున్నరకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేసరికి ముప్పావు గంట గడిచింది. టార్చిలైటు వేసి చూస్తే రొయ్యలు గట్టు వెంబడి తేలి ఉన్నాయి, మీసాలు నీళ్ళపైకి పెట్టి. మీటరు లీటరుకు 1.4 మిల్లీగ్రాములు చూపించింది. ఆక్సిజన్ బిళ్ళలు చల్లాం, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఉన్నవన్నీ తిప్పాం. తెల్లారేసరికి ఒక చెరువులో సగం పోయాయి.

తర్వాత ఆ చెరువు ఎండగట్టి బురద తీయించాను. పైన ఒక పొర గోధుమ రంగు, దాని కింద తారులాంటి నలుపు. పార దిగగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన. ఆ కుళ్ళంతా నేను ఆ పంట పొడుగునా వేసిన మేతే. బురద ట్రాక్టరు మీద పోయింది గానీ, అంతకుముందు వదిలిన నీళ్ళు మాత్రం డ్రెయిన్‌లోకే పోయాయి. మా డ్రెయిన్ అడుగున, అది కలిసే సముద్రం అడుగున ఇదే జరుగుతోందా అన్న ఆలోచన ఆ రోజు మొదలైంది. అప్పట్నుంచి చదువుతున్నాను. అర్థం కానివాటిని అబ్బాయి చేత చెప్పించుకున్నాను, వాడు బీఎస్సీ ఫిషరీస్ చదివాడు.

నాకు అర్థమైనది ముందు మా రైతుల మాటల్లో చెబుతాను. ఈ ఉత్తరం మీతోపాటు వాళ్ళూ చదవాలని నా కోరిక.

కుళ్ళుని అరిగించుకునే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ బియ్యంలాంటిది. ఉన్నంతసేపు అదే వాడుకుంటుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటే నూకలతో, నూకలూ అయిపోతే తవుడుతో గడుపుకున్నట్టు, ఆక్సిజన్ అయిపోగానే బ్యాక్టీరియా నైట్రేట్‌కి మళ్ళుతుంది. అదీ అయిపోతే సల్ఫేట్‌కి, అక్కడే కుళ్ళిన గుడ్ల వాసన పుడుతుంది. సల్ఫేట్ కూడా అందని లోతు బురదలో మీథేన్ పుడుతుంది. మన ముక్కుకి తెలిసేది ఆ గుడ్ల వాసన ఒక్కటే. వాతావరణాన్ని వేడెక్కించే రెండు వాయువులు, నైట్రేట్ దగ్గర పుట్టే నైట్రస్ ఆక్సైడ్, ఆఖర్న పుట్టే మీథేన్, వాసన లేకుండా రంగు లేకుండా పైకి పోతాయి.

నైట్రస్ ఆక్సైడ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్ళలో అది తక్కువగా పుడుతుంది. అసలు ఆక్సిజనే లేని చోట బ్యాక్టీరియా దాన్ని మామూలు నత్రజనిగా మార్చేస్తుంది, ఆ నత్రజనితో ఏ హానీ లేదు. ప్రమాదమంతా ఈ రెంటికీ మధ్య, ఆక్సిజన్ ఉండీ లేనట్టుండే చోట. బాగా మండే పొయ్యి పొగ పెట్టదు, చల్లారిపోయిన పొయ్యీ పెట్టదు. సగం ఆరిన పొయ్యి ఇల్లంతా పొగ చేస్తుంది. నైట్రస్ ఆక్సైడ్‌ని నత్రజనిగా మార్చే ఆఖరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము, కాస్త ఆక్సిజన్ తగిలినా ఆగిపోతుంది. దాంతో పని సగంలో నిలిచి వాయువు పోగవుతుంది. ఆక్సిజన్ రోజుకోలా, సీజనుకోలా పడుతూ లేస్తూ ఉండే తీరపు నీళ్ళు సరిగ్గా ఆ సగం ఆరిన పొయ్యే.

ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ వందేళ్ళ లెక్కన 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసేంత వేడి చేస్తుంది. గాలిలో వంద సంవత్సరాలకు పైగా ఉంటుంది. ఓజోన్ పొరని కూడా తింటుంది. మీథేన్ ఆయుష్షు పన్నెండేళ్ళు ఉంటుందేమో గానీ, ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కి 80 రెట్లు. లోతు సముద్రం అడుగున మీథేన్ పుట్టినా పైకి వచ్చే దారిలో దాన్ని తినే బ్యాక్టీరియా చాలావరకు తినేస్తుంది. పది, ఇరవై మీటర్ల లోతున్న తీరంలో ఆ దారి మరీ చిన్నది. అందుకే నా గోడు నడిసముద్రం గురించి కన్నా ఒడ్డు గురించే ఎక్కువ.

ఇది మన దేశంలో ఎవరికీ తెలియని విషయమని నేను అనడం లేదు. ప్రపంచంలోనే దీన్ని ముందుగా పట్టుకున్నవాళ్ళలో మనవాళ్ళున్నారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్త ఎస్.డబ్ల్యు.ఎ. నఖ్వీ బృందం 2000 నవంబరులో నేచర్ పత్రికలో ఒక పరిశోధన అచ్చువేసింది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి తీరం దగ్గర లోతు నీళ్ళు పైకి వస్తాయి. వాటిలో ఆక్సిజన్ ముందే తక్కువ. వాన నీళ్ళు, నదుల నీళ్ళు తేలికైన పొరగా మూతలా పైన పరుచుకుంటాయి. ఆ మూత కింద ఆగస్టు, సెప్టెంబరు నెలలకి ఊపిరి ఆగిపోతుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో గుడ్ల వాసన వాయువు కూడా పుడుతుంది. అలా ఆక్సిజన్ పడిపోయే మేర సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం కంటే ఎక్కువ. అక్కడి నీళ్ళలో నైట్రస్ ఆక్సైడ్ మామూలుగా ఉండాల్సినదానికి పదుల రెట్లు కనిపించింది. ఆ తీరంలో ఆక్సిజన్ పడిపోవడం ప్రకృతిలో ఉన్నదే. పొలాల నుంచి వచ్చే నత్రజని దాన్ని ఇంకా ముదరబెడుతోందని ఆ బృందం అనుమానించింది. గోవాలో కాండోలిం ఊరికి ఎదురుగా, ఒడ్డుకి కొద్ది కిలోమీటర్ల దూరంలో, 1997 నుంచి ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పడవ మీద వెళ్ళి నీళ్ళు తీసి చూస్తూ వచ్చారు. ఒకే చోటికి ఏళ్ళ తరబడి వెళ్ళడం ఎంత కష్టమో రోజూ మీటరు పట్టుకుని గట్టు మీద తిరిగే నాకు తెలుసు. వాళ్ళకి నా దండాలు.

ఇక మన వైపు. బంగాళాఖాతం నడిమధ్యలో, సుమారు వంద మీటర్ల కింద నుంచి ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే మందపాటి పొర ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఇన్ని నదుల తేలిక నీళ్ళు పైన దుప్పటిలా పరుచుకుని గాలిని కిందికి దిగనివ్వవు. అయినా అరేబియా సముద్రంలో జరిగినంత ఇక్కడ ఇంకా జరగలేదు. ఎందుకు జరగలేదో మన శాస్త్రవేత్తలూ ఉన్న ఒక అంతర్జాతీయ బృందం 2017లో నేచర్ జియోసైన్స్‌లో చెప్పింది. ఆ పొరలో ఆక్సిజన్ పూర్తిగా సున్నా కాలేదు. మామూలు యంత్రాలకి అందనంత కొద్ది జాడ మిగిలి ఉంది. ఆ జాడే ఇప్పటికి కాపు కాస్తోంది. అది కూడా పోతే ఈ సముద్రం తీరే మారిపోతుంది. ఆ పరిశోధన అబ్బాయి చదివి వినిపించిన రాత్రి నాకు మా చెరువులో 1.4 దగ్గర ఆగిన మీటరు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ప్రపంచ సముద్రాలన్నీ కలిపి 1960 తర్వాత యాభై ఏళ్ళలో 2 శాతం పైగా ఆక్సిజన్ పోగొట్టుకున్నాయి. వేడి నీళ్ళు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, పైనీళ్ళు కిందినీళ్ళు కలవడం కూడా తగ్గుతుంది. ఆ వేడిని మా ఊళ్ళో ఎవరమూ ఆపలేం. మీకూ ఒక్కరోజులో చేతనయ్యే పని కాదు. డ్రెయిన్ల గుండా పోయే నత్రజని మాత్రం మా చేతిలోనూ మీ చేతిలోనూ ఉంది.

ఇక్కడ నేను నా లెక్క దాచను. రొయ్యల మేతలో ప్రోటీన్ 35 శాతం అనుకుంటే, టన్ను మేతలో సుమారు 56 కిలోల నత్రజని ఉంటుంది. అందులో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగతా 40 కిలోలు నీళ్ళలో, బురదలో మిగులుతాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అంటే నేను చెరువులో ఒక టన్ను మేత వేసిన ప్రతిసారీ రెండు బస్తాల యూరియా నీళ్ళలో కలిపినట్టే. ఒక పంటకి ఎన్ని టన్నులు వేస్తామో మీకు తెలుసు. మా ఒక్కళ్ళదే కాదు, వరి చేల యూరియా అదే డ్రెయిన్‌లోకి వస్తుంది, పట్నాల మురుగూ అదే డ్రెయిన్‌లోకి వస్తుంది. భీమవరం పక్క యనమదుర్రు డ్రెయిన్ నీళ్ళు ఒకసారి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే కొలవాలి. కొలవకపోతే ఆక్వా రైతు వరి రైతుని అంటాడు, వరి రైతు మున్సిపాలిటీని అంటాడు. మాటలు మిగులుతాయి.

కిందటేడాది నేను ఒక కార్యాలయానికి వెళ్ళి, మా డ్రెయిన్ మొగ దగ్గర అడుగు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో ఎప్పుడైనా చూశారా, ఆ లెక్క ఇస్తారా అని అడిగాను. "మీ చెరువు సంగతి మీరు చూసుకోండి, సముద్రం సంగతి మా పరిధిలోది కాదు" అన్నారు. ఇంకోచోట సముద్రం మాది, డ్రెయిన్ మాది కాదన్నారు. డ్రెయిన్ ఇంకో శాఖదట. నీళ్ళు మాత్రం ఏ శాఖ సరిహద్దు దగ్గరా ఆగకుండా పోతూనే ఉన్నాయి. నేను ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. ఆ నీళ్ళకి ఒక్క శాఖ అయినా బాధ్యత తీసుకోవాలని అడుగుతున్నాను.

పని అస్సలు జరగడం లేదని కూడా నేను అనను. 1990ల మొదట్లో మొదలైన తీర జలాల కాలుష్య పరిశీలన ఇప్పుడు చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం చేతిలో ఉంది. విశాఖ, కొచ్చి తీరాల దగ్గర, సముద్ర సమాచారం ఇచ్చే హైదరాబాద్ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు నీటి నాణ్యత చూసే యంత్రాలు సముద్రంలో నిలబెట్టారు. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ గారి బృందం గోదావరి మొగల్లో ఏళ్ళ తరబడి పనిచేసింది. ధవళేశ్వరం గేట్లెత్తి వరద వదిలిన రోజుల్లో మొగ దగ్గరి నీళ్ళ నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎంతగా పైకి పోతుందో వాళ్ళు చూపించారు. అంతకు చాలా ముందే, 1950లలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, మన విద్యార్థులతో కలిసి వాల్తేరు తీరం దగ్గర వేసవికి ముందు గాలులకి అడుగు నీళ్ళు పైకి రావడాన్ని గమనించాడు. ఆ అడుగు నీళ్ళు ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళే. అంటే మన తీరంలో ఏ నెలల్లో జాగ్రత్తగా చూడాలో డెబ్బై ఏళ్ళ నుంచి మనకి తెలుసు.

ఈ లెక్కలేవీ మా ఊరికి రావడం లేదు. పరిశోధన పత్రాల్లో ఇంగ్లీషులో ఉండిపోతున్నాయి. అదే ఇన్‌కాయిస్ వాళ్ళు చేపలు ఎక్కడ దొరుకుతాయో ఉపగ్రహం చూసి తెలుగులో చెబుతారు. మా తీరంలో బోటు సరంగులు ఆ సమాచారాన్ని నమ్మి డీజిలు పోసుకుంటారు. చేపల జాడ తెలుగులో చెప్పగలిగినవాళ్ళు, చేపలకి ఊపిరి అందుతోందో లేదో కూడా తెలుగులో చెప్పగలరు.

అమెరికాలో మిసిసిపీ నది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసేచోట ప్రతి వేసవీ ఆక్సిజన్ పడిపోతుంది. నాన్సీ రబలైస్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1985 నుంచి దాదాపు ప్రతి జూలైలో పడవ మీద తిరిగి దాన్ని కొలుస్తూ వచ్చారు. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకి చేరింది. మన ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాకి దాదాపు మూడు రెట్లు. 5,000 చదరపు కిలోమీటర్లకి తగ్గించాలని వాళ్ళు గురి పెట్టుకున్నారు. ఇంకా అందుకోలేదు. కానీ అక్కడి మొక్కజొన్న రైతుకీ, చేపలు పట్టేవాడికీ, ప్రభుత్వానికీ ఆ అంకె ఒకటే, ఏటా పేపర్లో వస్తుంది. తగ్గిందా పెరిగిందా అని అందరూ అడగగలరు. నల్లసముద్రంలో ఇంకో సంగతి జరిగింది. 1990ల మొదట్లో సోవియట్ కూలిపోయి ఎరువుల వాడకం పడిపోయాక, వాయవ్య తీరంలో ఊపిరాడని మేర కుంచించుకుపోయింది. రైతులు చితికిపోయి సముద్రం బాగుపడటం నేను కోరుకునే దారి కాదు. కానీ నత్రజని తగ్గితే సముద్రం తిరిగి ఊపిరి తీసుకుంటుందని అది చూపించింది. ఆ ఒక్క సంగతే నాకు ధైర్యం.

నేను అడిగేది ఇది. ఉప్పుటేరు మొగ, గోదావరి పాయల మొగలు, కృష్ణ మొగ, పెద్ద డ్రెయిన్లు సముద్రంలో కలిసే చోట్లు తీసుకోండి. ఏడాది పొడుగునా, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి మే దాకా, మళ్ళీ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, అడుగు నీళ్ళలో ఆక్సిజన్ కొలవండి. పైనీళ్ళు తీసి అంతా బాగుందని రాయకండి. చెరువులో కూడా పైన ఆరు చూపించే మీటరు అడుగున రెండు చూపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి కాకుండా తెల్లవారుజామున వెళ్ళండి. అదే చోట సీసాల్లో నీళ్ళు పట్టి నైట్రస్ ఆక్సైడ్, మీథేన్ కూడా చూడండి. ఆక్సిజన్ ఒక్కటే కొలిస్తే జబ్బు తెలుస్తుంది గానీ, అది గాలిలోకి ఏం వదులుతోందో తెలియదు. వచ్చిన లెక్కని నెల తిరిగేలోగా తెలుగులో, ఎవరైనా చదవగలిగేలా, ఊరి పేరుతో సహా బయటపెట్టండి.

ఆ లెక్కలు చేతికొచ్చాక ఏం చేయాలన్నది కూడా ఒక మాట. రొయ్యల సాగుకి వ్యర్థ జలాల శుద్ధి ఏర్పాటు ఉండాలన్న నిబంధన ఉంది. మాలో ఎక్కువమందివి చిన్న చెరువులు. మూడెకరాల రైతు ఒక ఎకరం మడ్డి పేరుకునే చెరువుకి వదులుకోలేడు. నోటీసులిచ్చి జరిమానా వేస్తే అతను రాత్రిపూట తూము ఎత్తుతాడు, అంతే. పాతిక ముప్పైమంది రైతులకి కలిపి డ్రెయిన్ పక్కన ఒక ఉమ్మడి చెరువు కట్టించండి. నీళ్ళు అక్కడ నిలిచి, మడ్డి పేరుకుని, కొంత నత్రజని అక్కడే పోయాక డ్రెయిన్‌లోకి వదులుదాం. స్థలం ప్రభుత్వం ఇస్తే నడిపే ఖర్చు మేం పంచుకుంటాం. ఆ ఉమ్మడి చెరువులోనూ ఊపిరి ఆగితే నైట్రస్ ఆక్సైడ్ అక్కడే పుడుతుంది కాబట్టి, అక్కడా ఏరియేటరు తిప్పాలి, అక్కడా మీటరు పెట్టాలి. మేత విషయం మా బాధ్యత. మేత మిగిలిందో లేదో తెలిపే చెక్ ట్రే చూడకుండా మేత గుమ్మరించే అలవాటు నేను రెండు పంటల కిందటే మానుకున్నాను. ఖర్చూ తగ్గింది, అడుగూ అంత నల్లబడటం లేదు. మా ఊళ్ళో మరో తొమ్మిదిమంది మానుకున్నారు.

డ్రెయిన్ల శాఖ, మత్స్యశాఖ, వ్యవసాయశాఖ, మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి, ఈ ఐదూ ఒక్కసారి ఒకే బల్ల దగ్గర కూర్చుని మొగ దగ్గరి నీళ్ళు ఎవరు చూడాలో రాసుకోండి. ఆ కాగితం మీద ఒక్క పేరు, ఒక్క ఫోన్ నంబరు ఉంటే మాకు చాలు.

ఈ సెప్టెంబరులో మా డ్రెయిన్ మొగ దగ్గరికి మీ మనుషుల్ని పంపండి. పడవ నేను మాట్లాడి ఉంచుతాను. సరంగు మా ఊరివాడే, ఆ మొగలో ఇసుక మేట ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలడు. నా మీటరు తీగ పొడవు మూడు మీటర్లే, అక్కడి అడుగుకి చాలదు. పొడవాటి తీగ ఉన్న మీటరు, నీళ్ళు పట్టే సీసాలు మీరు తెచ్చుకోండి. మూడున్నరకి బయల్దేరితే నాలుగున్నరకి మొగలో ఉంటాం.

ఇట్లు,
ఒక వెనామీ రైతు,
పశ్చిమగోదావరి జిల్లా